1972 షెవ్రొలే సీ10 డైరీ: సందులు కొలవడం, అసలు రేకు గుర్తుపట్టడం

సెప్టెంబర్ చివరి వారం

ఈ పాత సీ10 పికప్ ట్రక్కుకు ఇంజిన్ పని, బ్రేకుల పని అయిపోయాయి. ఇంక బాడీ మిగిలింది. ఈ బండిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, అన్నిటికన్నా టెన్షన్ పెట్టేదీ ఇదే. కార్బొరేటర్ నచ్చకపోతే విప్పి ఇంకోటి బిగించుకోవచ్చు. ఫ్యాక్టరీ ప్రెస్‌లో పడిన యాభై ఏళ్ల నాటి రేకును ఒకసారి కోసి పారేస్తే మళ్లీ రాదు. అందుకని రంగు మాట ఎత్తకముందే, ఒక్కో ప్యానెల్ ముందు నిలబడి రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఇది ఈ బండితో పుట్టిన రేకేనా? ఉన్నచోట సరిగ్గా కూర్చుందా?

ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. చాలామంది కలిపేస్తారు. డోరు పక్కన సందు ఒక చోట వెడల్పుగా, ఒక చోట ఇరుకుగా కనిపిస్తే చాలు, రేకు పాడైందని కొత్తది ఆర్డర్ పెట్టేస్తారు. సందులు నీట్‌గా ఉంటే బండి మొత్తం ఒరిజినల్ అనుకుని ఎక్కువ డబ్బు పోసి కొనేస్తారు. నేను చూసినంతలో ఈ రెండూ తప్పే. అసలు రేకు ఉన్న బండికి కింద రబ్బర్లు అరిగిపోయి సందులు చెడిపోవచ్చు. నిన్నగాక మొన్న అచ్చుపోసిన రేకును ఒక మంచి పనివాడు చక్కగా కూర్చోబెట్టి ఉండవచ్చు.

బండి గురించి: 1972 మోడల్, కస్టమ్ డీలక్స్ అనే రకం, 350 వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, వెనక సామాన్లు వేసే ఎనిమిది అడుగుల బెడ్, అదీ పక్కలు నున్నగా ఉండే ఫ్లీట్‌సైడ్ రకం. 1967లో మొదలైన ఈ బాడీకి 1972 ఆఖరు సంవత్సరం. 1973 నుంచి పలకలు పలకలుగా ఉండే వేరే బాడీ వచ్చింది. మా బండి పడమటి టెక్సస్‌లో లబక్ వైపు పత్తి పొలాల్లో పనిచేసింది. అక్కడ గాలి పొడి కాబట్టి ఉత్తరాది రాష్ట్రాల బండ్లలా తుప్పు అడుగును పూర్తిగా తినేయలేదు. కానీ బెడ్‌లో ఏళ్ల తరబడి ఎరువుల బస్తాలు మోశారు. ఎరువులోని లవణాలు తేమ పీల్చుకుని రేకును ఎలా తింటాయో పల్లెల్లో రేకుల షెడ్డులో యూరియా నిల్వ పెట్టిన ఎవరికైనా తెలుసు.

అక్టోబర్, మొదటి శనివారం

కొలతలకు ముందు కాగితాల పని. ఈ బండ్లలో గ్లవ్ బాక్స్ మూత లోపలివైపు ఒక స్టిక్కర్ అతికించి ఉంటుంది. సర్వీస్ పార్ట్స్ ఐడెంటిఫికేషన్ లేబుల్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఆ బండిలో ఏమేం ఉన్నాయో, ఏ రంగు వేశారో, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఎంతో అందులో ఉంటుంది. మా దాంట్లో అంచులు చినిగిపోయినా అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. మోడల్ నంబర్ సీఈ10934. ఇందులో 109 అంటే 127 అంగుళాల వీల్‌బేస్, చివరి 34 అంటే ఫ్లీట్‌సైడ్ బెడ్. షార్ట్ బెడ్ బండికైతే 107 ఉంటుంది, దాని వీల్‌బేస్ 115 అంగుళాలు.

ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇప్పుడు మార్కెట్లో షార్ట్ బెడ్‌కు ధర బాగా ఎక్కువ. దాంతో లాంగ్ బెడ్ బండి ఛాసిస్ కోసి, పన్నెండు అంగుళాలు తీసేసి, షార్ట్ చేసి అమ్ముతున్నారు. బాగా చేసిన పనైతే పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. స్టిక్కర్ మీద 109 ఉండి బండి పొట్టిగా ఉంటే కథ అర్థమైపోతుంది. స్టిక్కరే లేకపోతే బండి కిందికి దూరి ఛాసిస్ పట్టీల మీద అడ్డంగా వెల్డింగ్ గీత ఉందేమో చూడాలి. మాది ఎవరూ ముట్టుకోని లాంగ్ బెడ్. అలాగే ఉంచుతాను.

డ్రైవర్ డోరు స్తంభం మీద రివెట్లతో బిగించిన వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) ప్లేటు సీసీఈ142ఎస్ అని మొదలవుతుంది. మొదటి సీ అంటే షెవ్రొలే, రెండో సీ అంటే టూవీల్ డ్రైవ్, ఈ అంటే వీ8, 1 అంటే అర టన్ను, 4 అంటే పికప్, 2 అంటే 1972, ఎస్ అంటే సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీ. రివెట్ల తలలు చెక్కుచెదరలేదు, చుట్టూ గీతలు లేవు. ఛాసిస్ మీద కొట్టిన నంబర్‌ను వైర్ బ్రష్‌తో రుద్ది చూశాను, ప్లేటుతో సరిపోయింది. మనసు తేలికపడింది. క్యాబిన్ మారిన బండికి ఫెండర్ల (ముందు చక్రాల పైనుండే రేకుల) ఒరిజినాలిటీ గురించి మాట్లాడుకోవడంలో అర్థం లేదు.

స్టిక్కర్ ప్రకారం రంగు ఆకుపచ్చ. ఇప్పుడు పైన ఉన్నది ఎవరో తర్వాత వేసిన తెలుపు. సీటు వెనక, డోరు స్తంభాల మీద, గ్లవ్ బాక్స్ లోపల, బెడ్ ముందు పలక వెనక ఆ ఆకుపచ్చ ఇంకా ఉంది. ఏ రేకు అసలుదో తేల్చుకోవడానికి ఈ దాక్కున్న రంగే నాకు మొదటి సాక్ష్యం.

అక్టోబర్, ఆ మరుసటి వారం

సందులు కొలవడానికి బండిని సిద్ధం చేశాను. ఈ పనిని తేలిగ్గా తీసుకుంటే తర్వాత కొలిచిన అంకెలన్నీ దండగ.

బండి స్టాండ్ల మీద ఉండకూడదు. నాలుగు చక్రాల మీద, సమతలంగా ఉన్న గచ్చు మీద, టైర్లలో ఒకే గాలితో నిలబడాలి. స్టాండ్ల మీద పెడితే ఛాసిస్ ఎక్కడో అక్కడ వంగుతుంది, దాంతోపాటే సందులూ మారతాయి. డోరు అద్దాలు, లోపలి మెకానిజం డోరులోనే ఉండాలి, ఎందుకంటే ఆ బరువుతోనే డోరు వేలాడేది. డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మాత్రం తీసెయ్యాలి. కొత్త రబ్బరు గట్టిగా ఉండి డోరును బయటికి నెడుతుంది. అప్పుడు డోరు తప్పా, రబ్బరు తప్పా తేల్చుకోలేం.

కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 3 మిల్లీమీటర్ల నుంచి 9 దాకా డ్రిల్ బిట్లు తీసుకుని, వాటి నున్నటి వెనక భాగాన్ని సందులో జారుస్తున్నాను. ఏది వదులు లేకుండా, గీసుకోకుండా దూరితే అదే ఆ సందు కొలత. ప్రతి చోటా మాస్కింగ్ టేపు ముక్క అతికించి దాని మీదే అంకె రాస్తున్నాను. ఈ బండ్లకు బాగుచేసేవాళ్లు సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 3/16 అంగుళం, అంటే 5 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

ఎడమ వైపు, ఫెండర్‌కీ డోరుకీ మధ్య: పైన 9, కింద 3.
ఎడమ డోరుకీ వెనక స్తంభానికీ మధ్య: పైన 3, కింద 6.
కుడి వైపు, ఫెండర్‌కీ డోరుకీ మధ్య: పైన 7, మధ్యలో 3, కింద 5.
కుడి డోరుకీ వెనక స్తంభానికీ మధ్య: పైన 5, కింద 5.
బానెట్‌కీ దాని వెనక, ముందు అద్దం కింద ఉండే రేకుకీ (కౌల్) మధ్య: 7, కానీ రెండు మూలలూ పైకి లేచి ఉన్నాయి.

ఈ అంకెలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. రెండు వైపులా ఫెండర్ పక్కన పైసందు వెడల్పుగా ఉంది. దానికి రెండు కారణాలు ఉండవచ్చు. డోరు బందుల్లో పిన్నులు అరిగితే డోరు వెనకభాగం కిందికి వాలుతుంది, పై అంచు వెనక్కి జరుగుతుంది. అప్పుడు ముందు పైసందు పెరిగి, వెనక పైసందు తగ్గుతుంది. రెండోది: రేడియేటర్‌ను మోసే ముందు ఫ్రేమ్ కింద రబ్బరు దిమ్మలు ఉంటాయి. అవి నలిగిపోతే ఫెండర్ల ముక్కు కిందికి దిగి, వెనక పై అంచు ముందుకు జరుగుతుంది. అప్పుడు కూడా ముందు పైసందే పెరుగుతుంది, కానీ డోరు వెనక సందు మారదు.

కాబట్టి వెనక సందే అసలు సంగతి చెబుతుంది. కుడి వైపు వెనక సందు 5, 5. అంటే కుడి డోరులో తప్పు లేదు, ఫెండర్ ముక్కు దిగింది. ఎడమ వైపు వెనక సందు పైన 3, కింద 6. అంటే డోరూ వాలింది, ముక్కూ దిగింది. డ్రైవర్ డోరు కాబట్టి అది తెరిచి మూసినన్నిసార్లు రెండోది తెరిచి ఉండరు. చెయ్యి పెట్టి ఎడమ డోరు వెనక అంచును పైకి ఎత్తితే పై బందు దగ్గర టక్కుమని ఆట కనిపించింది. కుడి డోరు కదల్లేదు.

అయితే కుడి ఫెండర్ మధ్యలో ఉన్న ఆ 3? ముక్కు దిగితే పైన పెరగాలి, కింద తగ్గాలి. మధ్యలో ఇరుకై పైనా కిందా వెడల్పు కావడం అంటే ఫెండర్ వెనక అంచు వంపే డోరు అంచు వంపుతో కలవడం లేదన్నమాట. పైగా బండి పక్కన పొడవునా పోయే గీత ఎడమ వైపు ఫెండర్ నుంచి డోరులోకి తిన్నగా పోతోంది. కుడి వైపు డోరు దగ్గరికొచ్చేసరికి 3 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ఇది రబ్బర్లు మారిస్తే పోయే తేడా కాదు.

అక్టోబర్ మధ్యలో

మా మావయ్యగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీల దగ్గర టింకరింగ్ పని చేసి రిటైర్ అయ్యారు. వచ్చిన రెండో రోజే, నిద్ర సరిగ్గా పట్టక తెల్లవారుజామునే గరాజ్‌లోకి వచ్చేశారు. నేను రాసి పెట్టిన టేపుల్ని ఒక్కొక్కటే చదువుకుంటూ బండి చుట్టూ తిరిగారు.

ఇంట్లోంచి పలచటి పాత నూలు పంచె ముక్క తెప్పించుకుని, దాన్ని అరచేతి కింద పెట్టుకుని ఎడమ ఫెండర్ మీద నెమ్మదిగా, ముందు నుంచి వెనక్కి, ఒకే బరువుతో జరిపారు. గుడ్డ ఉంటే చర్మం రేకుకు అంటుకోదు, అరచెయ్యి నున్నగా జారుతుంది, చిన్న ఎత్తుపల్లమైనా తెలుస్తుంది. నేనూ చేసి చూశాను. కంటికి ఏమీ కనిపించని చోట హెడ్‌లైట్ వెనక ఒక పల్లం, దాని పక్కనే ఒక ఎత్తు చేతికి తగిలాయి.

"ఇక్కడ లప్పం ఉందండీ. ఎక్కువ లేదు. లోపల రేకు బాగానే ఉంది," అన్నారు.

తర్వాత కుడి ఫెండర్ దగ్గరికి వెళ్లి వేలి కణుపులతో పై నుంచి కింది దాకా తట్టారు. మళ్లీ ఎడమకి వచ్చి తట్టారు. మళ్లీ కుడికి.

"అల్లుడుగారూ, ఈ రెండూ ఒక ఇంటివి కావండీ. దీని మోత చూడండి, డబ్బా మోత. అది అలా మోగట్లేదు."

నా దగ్గర రంగు మందం కొలిచే మీటర్ ఉంది. ఆయన చెవి, చెయ్యి చెప్పినదాన్ని దానితో ఒక్కో అడుగుకూ సరిచూశాను. ఫ్యాక్టరీ రంగు ఒక్కటే ఉన్నచోట సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది. మా క్యాబిన్ పైకప్పు మీద, రెండో రంగుతో కలిపి, 240 అటూ ఇటూ వచ్చింది. ఎడమ ఫెండర్ అంతటా అదే, హెడ్‌లైట్ వెనక మాత్రం 1100 దాకా ఎగబాకింది. ఆయన చెయ్యి ఆగిన చోటే. కుడి ఫెండర్ మీద ఎక్కడ పెట్టినా 130 లోపే. మొత్తం బండి మీద రెండు రంగులుంటే ఈ ఒక్క రేకు మీద ఒకటే రంగు. అంటే తెలుపు వేసే రోజుకే ఇది కొత్త రేకు.

మైక్రోమీటర్‌తో అంచు దగ్గర రంగు గీకేసి రేకు మందం చూశాను. ఎడమ ఫెండర్ 0.95 మిల్లీమీటర్లు. కుడిది 0.8. మావయ్యగారు మీటర్ వైపు చూడనైనా లేదు.

అక్టోబర్ మూడో వారం

కుడి ఫెండర్ విప్పాను. అనుమానం తీరిపోయింది. లోపలివైపు ఆకుపచ్చ చుక్క కూడా లేదు, నల్లటి ప్రైమర్ ఉంది. క్యాబిన్‌లో గానీ, ఎడమ ఫెండర్‌లో గానీ ఎక్కడా కనిపించని ప్రైమర్ అది. పక్కన అంటించే పేరు బిళ్ల కోసం ఉండే రంధ్రాలు ఎడమ ఫెండర్‌లో ఫ్యాక్టరీ పంచ్‌తో కొట్టినవి, అంచులు శుభ్రంగా, అన్నీ ఒకే కొలతలో ఉన్నాయి. కుడిదాంట్లో డ్రిల్‌తో వేసినవి, వెనకవైపు చిట్లిన రేకు పదును ఇంకా అలాగే ఉంది. పై వెనక బోల్టు దగ్గర వాషర్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. సరిపడని రేకును సరిపెట్టడానికి ఎవరో పాపం చాలా కష్టపడ్డారు.

ఫ్యాక్టరీలో కూడా ఆ బోల్టుల దగ్గర షిమ్‌లు (సందు సర్దడానికి పెట్టే పలచటి రేకు ముక్కలు) వేసేవాళ్లు కాబట్టి షిమ్ కనిపించగానే అనుమానపడక్కర్లేదు. ఒకటి రెండు పలచటి షిమ్‌లు, రెండు వైపులా దగ్గర దగ్గరగా ఉంటే మామూలే. ఒక వైపు ఏమీ లేకుండా ఇంకో వైపు వేలెడు మందం ఉంటేనే ఆలోచించాలి. విప్పేటప్పుడు ఏ బోల్టు దగ్గర ఎన్ని ఉన్నాయో ఫోటో తీసి, కవర్లో వేసి పేరు రాశాను.

మిగతా ప్యానెళ్లు కూడా ఈ వారమే చూసేశాను.

డోర్లు రెండూ అసలువే. దీనికి నేను చూసేది కింది అంచు. డోరు పైరేకు కింద లోపలికి మడిచి, ఆ మడత మీద స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటుంది. వరసగా చిన్న గుండ్రటి గుంటలు కనిపించాలి. పైరేకు మార్చిన డోరుకు ఆ మడత మీద సుత్తి దెబ్బలు ఉంటాయి, గుంటలకు బదులు అక్కడక్కడ వెల్డింగ్ బొట్లు ఉంటాయి. మావాటికి గుంటలు ఉన్నాయి, నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉన్నాయి, లోపలంతా ఆకుపచ్చే. ఇంకో సంగతి: 1972 డోరు లోపలివైపు అంతకుముందు ఏళ్ల డోరులా ఉండదు, లోపలి ప్యానెల్ కూడా 1972కి విడిగా అమ్ముతారు. బయటినుంచి చూస్తే తేడా తెలియదు. 1972 బండి అని చెప్పి 1970 డోర్లు వేసి ఉంటే పట్టుకునేది అక్కడే. రెండు డోర్ల అద్దాల మీదా అద్దాల కంపెనీ ఎల్ఓఎఫ్ (లిబ్బీ-ఓవెన్స్-ఫోర్డ్) ముద్ర, దాని పక్కన నెల, సంవత్సరం తెలిపే రెండక్షరాల కోడ్ ఉన్నాయి. రెండింటికీ ఒకటే కోడ్.

బానెట్ సంగతి కాస్త బాధ కలిగించింది. ఈ బాడీలో మొదటి రెండేళ్ల బానెట్ వేరు, 1969 నుంచి 1972 దాకా ఒకటే. కాబట్టి ఏ 1970 బండిదో తెచ్చి వేసినా ఆకారం చూసి చెప్పలేం. మాది లోపల ఆకుపచ్చ, పక్కటెముకల స్పాట్ వెల్డ్‌లు అన్నీ ఫ్యాక్టరీవే. అసలుదే. కానీ వెనక మూలలు లేచి, బందుల ముందు అడ్డంగా మడత పడింది. ఈ బండ్లకు ఇది తెలిసిన జబ్బు. బానెట్ బందుల్లో తుప్పు పట్టి బిగుసుకుంటే, పైనుంచి బలంగా నొక్కి మూస్తారు. బందు కదలదు, రేకే వంగుతుంది. కొత్త బానెట్ వేసినా బందులు బాగుచేయకపోతే అదీ వంగుతుంది. బందులు విప్పి కిరోసిన్‌లో నానబెట్టాను.

క్యాబిన్ వెనక కింది మూలలు మాత్రం అసలువి కావు. ఎడమ మూల, పెట్రోల్ పోసే మూత కింద, ఎప్పుడో ప్యాచ్ వేశారు. వెల్డింగ్ బాగానే ఉంది, లోపల తుప్పు లేదు. అది అలాగే ఉంటుంది.

బెడ్ పక్క పలకలు అసలువి. ముందు పలక ఎరువు దెబ్బకు కింద జల్లెడ అయింది. టెయిల్‌గేట్ మీద అచ్చులో పడిన షెవ్రొలే అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయి, వెనకవైపు ఆకుపచ్చ ఉంది.

నవంబర్, మొదటి వారం

ఏ రేకూ ముట్టుకోకుండా ముందు కారణాలు సరిచేశాను. ఎడమ డోరు బందుల్లో కొత్త పిన్నులు, బుష్‌లు. రేడియేటర్ ఫ్రేమ్ కింద కొత్త రబ్బరు దిమ్మలు. క్యాబిన్ ముందు మౌంట్ల రబ్బర్లు కూడా గట్టిపడి పగిలి ఉన్నాయి, అవీ మార్చాను. సర్దే వరస ఎప్పుడూ ఒకటే: ముందు ఛాసిస్ మీద క్యాబిన్, తర్వాత క్యాబిన్‌కు డోర్లు, డోర్లకు ఫెండర్లు, ఫెండర్లకు బానెట్, ఆఖర్న బెడ్. ఫెండర్‌ను బట్టి డోరు సర్దితే వెనక సందు చెడిపోతుంది, క్యాబిన్‌ను జరపలేం కదా.

ఎడమ వైపు వెనక సందు ఇప్పుడు 5, 5. ఫెండర్ సందు పైన 5, కింద 4.5. ఒక్క రేకు కొయ్యలేదు, ఒక్క చెంచా లప్పం పెట్టలేదు. మొదట్లో 9, 3 చూసిన ఒక మిత్రుడు "ఫెండర్ మార్చెయ్ బాస్, మూడు వందల డాలర్లు" అన్నాడు. అప్పుడు ఆ మాట విని ఉంటే సెయింట్ లూయిస్‌లో ఈ బండికి బిగించిన ఫెండర్ ఇప్పుడు తుక్కులో ఉండేది, పైసందు మాత్రం 9 గానే ఉండేది.

నవంబర్ చివర

కుడి ఫెండర్‌కు ఏం చేయాలన్నది తేలింది. మూడు దారులు కనిపించాయి. ఉన్నదాన్నే సాగదీసి, అంచు కోసి, వంపు కలపడం. లేదా ఇంకో కొత్త రేకు కొనడం. లేదా పాత బండి నుంచి జీఎం (షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్) అచ్చు ఫెండర్ వెతకడం. మూడోదానికే వెళ్లాను. ఓక్లహోమా సరిహద్దు దగ్గర పాత బండ్ల యార్డులో 1971 బండిది దొరికింది. పైన ఎండకు రంగు మాడిపోయినా, డోరు వైపు అంచూ, పక్క గీతా దెబ్బతినలేదు. కింద వెనక మూల మాత్రం చక్రం విసిరిన మట్టి చేరి కుళ్లిపోయింది. ఈ ఫెండర్లన్నీ మొదట పోయేది అక్కడే.

కొనే ముందు యార్డులోనే మా డోరు అంచుకు గీసుకున్న అట్టముక్క ఫర్మా దానికి ఆనించి చూశాను. పై నుంచి కింది దాకా వెలుతురు దూరలేదు. ఉన్న కొత్త ఫెండర్‌కు అదే అట్ట పెడితే మధ్యలో తగిలి పైనా కిందా ఖాళీ వచ్చేది. ఇలాంటి ఫర్మా ఒకటి కత్తిరించుకుని వెళ్లమని ఎవరికైనా చెబుతాను.

కుళ్లిన మూలకు కావాల్సిన రేకును ఆ కొత్త ఫెండర్ నుంచే కోశాను. కింది మూలలో దాని ఆకారం సరిగ్గానే ఉంది. అంచు మీద అంచు ఎక్కించకుండా, ఎదురెదురుగా ఆనించి వెల్డ్ చేశాను. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఆ రెండు పొరల మధ్య నీరు చేరి మళ్లీ అక్కడే తింటుంది, వెనక నుంచి చూసేవాళ్లకు అతుకు కూడా కనిపిస్తుంది. 0.6 మిల్లీమీటర్ల మిగ్ వెల్డింగ్ వైరు, వెనక రాగి పలక, అంగుళానికొక చుక్క, ఒక చుక్క ఇక్కడ పెడితే తర్వాతది దూరంగా. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే పక్క చుక్క. కొత్త రేకు పలచన కాబట్టి వేడి దాని మీదికి పోకుండా మంటను పాత రేకు వైపు ఎక్కువ ఉంచాలి. ఇదంతా మావయ్యగారు పక్కన స్టూలు మీద కూర్చుని చూశారు. వెల్డ్ అరగదీశాక సుత్తి, డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ) తీసుకుని ఆ అతుకును ఆయనే సాపు చేశారు. సుత్తి అంత తేలిగ్గా వేస్తారని నేను అనుకోలేదు, ఎత్తడం కనిపించదు, చప్పుడు మాత్రం వినిపిస్తుంది. లప్పం అవసరం పడలేదు.

బండి ఫైల్లో ఇలా రాశాను: కుడి ఫెండర్, జీఎం అచ్చు, 1971 బండిది, కింది మూల ప్యాచ్, ఈ బండితో పుట్టింది కాదు. చూసేవాళ్లు కనిపెట్టలేరేమో. అయినా ఫైల్లో ఉండాలి. బండితో పుట్టిన రేకు వేరు, అదే కంపెనీ అచ్చులో పడిన మరో బండి రేకు వేరు, ఈమధ్య చేసిన నకలు రేకు వేరు. ఈ మూడింటినీ కలిపి "ఒరిజినల్" అని అమ్మే ప్రకటనలు చదివినప్పుడల్లా కొనేవాళ్ల మీద నాకు జాలి వేస్తుంది.

డిసెంబర్

బానెట్ బందులు ఇప్పుడు ఒక వేలితో కదులుతున్నాయి. మడతను కింది నుంచి చెక్క దిమ్మతో కొద్ది కొద్దిగా లేపాం. మూలలు దిగాయి. బానెట్‌కీ ఫెండర్లకూ మధ్య రెండు వైపులా 5, ముందు చివర 5.5. వెనక కౌల్ దగ్గర 7 అలాగే ఉంది, కానీ ఇటు చివర నుంచి అటు చివర దాకా సమానంగా 7.

దాన్ని ఇంకా తగ్గించాలా అని ఆలోచించాను. బానెట్‌ను వెనక్కి జరిపితే ముందు గ్రిల్ దగ్గర సందు తెరుచుకుంటుంది. రెండు చోట్లా 5 కావాలంటే బానెట్ అంచుకు వెల్డింగ్‌తో లోహం చేర్చి రుద్దాలి. షో బండ్లు చేసేవాళ్లు అలాగే చేస్తారు, చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ ఇది పొలం పనికి అమ్మిన బండి. సెయింట్ లూయిస్ లైన్ మీద బానెట్ బిగించినవాడు డ్రిల్ బిట్‌తో సందు కొలవలేదు. 1935 నుంచి నడుస్తున్న యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ల 400 పాయింట్ల జడ్జింగ్‌లో కూడా ప్రమాణం డీలర్ దగ్గరికి వచ్చిన రోజున బండి ఎలా ఉండేదో అదే. అంతకన్నా మెరుగ్గా చేస్తే అదనపు మార్కులు లేవు. అసలు స్థితిలో మిగిలిన బండ్లకు వాళ్ల దగ్గర వేరే విభాగం కూడా ఉంది.  ఆ 7 మిల్లీమీటర్లు మాత్రం అలాగే ఉంటాయి.

కుడి ఫెండర్ బిగించి చూశాక: పైన 5, మధ్యలో 5, కింద 5.5. పక్క గీత డోరులోకి తిన్నగా పోయింది. బోల్టు దగ్గర ఒక్క షిమ్ చాలింది.

ఇంక బెడ్ మిగిలింది. ముందు పలక కొత్తది తెప్పించాను. అది క్యాబిన్ వెనక దాగి ఉండే రేకు, పాతదాన్ని కాపాడటానికి ఏమీ మిగల్లేదు. బెడ్‌ను ఛాసిస్‌కు బిగించేటప్పుడు క్యాబిన్ మీది గీత, బెడ్ మీది గీత ఒకే ఎత్తులో రావాలి, మధ్య సందు పైనా కిందా సమానంగా ఉండాలి. రోడ్డు మీద ఛాసిస్ మెలి తిరిగినప్పుడు క్యాబిన్, బెడ్ వేర్వేరుగా కదులుతాయి కాబట్టి ఇక్కడ 5 మిల్లీమీటర్లు చాలవు, రెండు రేకులూ కొట్టుకుంటాయి. దించేటప్పుడు విప్పిన షిమ్‌ల కవర్లు పైనే ఉన్నాయి. వచ్చే వారం వాటితోనే మొదలు పెట్టి, క్రాస్ పట్టీ ఒక్కోదాని దగ్గర ఎత్తు చూసుకుంటూ వెళ్తాను. అది కుదిరాకే స్టిక్కర్‌లో రాసిన ఆకుపచ్చ రంగు కలపమని పెయింట్ షాపుకు చెబుతాను.